ఊరి చెరువు 60 శాతం కబ్జా అని గ్రూపులో పెట్టేశాను, శాటిలైట్ బొమ్మలు తెలిసినవాళ్లు ఒకసారి లెక్క చూస్తారా

అల్లూరోడు | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఉద్యోగం హైదరాబాద్‌లో, పెరిగింది అల్లూరు వైపు అమ్మమ్మగారి ఊళ్లో. సంక్రాంతికి వెళ్లినప్పుడు తాతతో చెరువు కట్ట మీద నడిచాను. "ఒకప్పుడు ఈ కట్ట మీద నిలబడితే అవతలి గట్టు కనపడేది కాదబ్బయా, ఇప్పుడు అవతల మేకలు కాసేవాడి మొహం కనపడతా ఉండాది" అన్నాడు. ఆ మాట మనసులో పడిపోయింది.

తిరిగొచ్చాక ల్యాండ్‌శాట్ (అమెరికా వాళ్ల శాటిలైట్) బొమ్మలు రెండు దించాను. ఒకటి 1990 జనవరి, ఇంకొకటి 2023 మే. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో నీళ్ల పిక్సెళ్లు లెక్కపెడితే అప్పుడు 310 ఎకరాలు, ఇప్పుడు 118. ఆవేశంలో రెండు బొమ్మలూ పక్కపక్కన అతికించి, "మన చెరువులో 60 శాతం కబ్జా" అని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

చెరువుని ఆనుకుని పొలం ఉన్నది మా మేనమామకే. ఆ సంగతి పెట్టిన తర్వాత గుర్తొచ్చింది. మామ ఫోన్ ఎత్తడం లేదు. అమ్మ ఎత్తింది, ఎత్తకపోతేనే బాగుండేది. నా లెక్క కరెక్టేనా? టెన్షన్‌గా ఉంది.

పెన్నాతీరం | ఆదివారం, రాత్రి 10:58

నెల్లూరు నీళ్లు తాగినోడివేనా తమ్ముడూ? జనవరికీ మేకీ పోలికేంది? మనకి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. జనవరిలో చెరువు కడుపు నిండి ఉంటాది. మేలో రబీ కోతలు అయిపోయి, తూములు కట్టేసి, అడుగు బీటలు వారి ఉంటాది. ఆ లెక్కన జిల్లాలో ప్రతి చెరువూ ఏటా కబ్జా అయి ఏటా విడుదలవతా ఉండాది.

అల్లూరోడు | ఆదివారం, రాత్రి 11:03

2023 జనవరి బొమ్మలో మబ్బు ముక్కలు కనపడితే వదిలేశాను అన్నా. మే నెలది అద్దంలాగా ఉందని తీసుకున్నా.

పిక్సెల్_మాస్టారు | సోమవారం, ఉదయం 6:20

రిటైరయ్యేదాకా పిల్లలకి ఈ పాఠమే చెప్పినవాణ్ని. ఏటా సగం మంది ఇదే తప్పు చేసేవాళ్లు, కాబట్టి సిగ్గుపడకు బాబూ. అద్దంలా ఉన్న బొమ్మ కాదు, అదే నెల బొమ్మ కావాలి. మబ్బు చెరువు మీద లేకపోతే పక్క మండలంలో ఎంతుంటే మనకేం?

రెండో సంగతి. 310 ఎకరాలు అని ఖచ్చితంగా చెప్పేశావు. ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లకి 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్లు, మన భాషలో 22 సెంట్లు. ఆ 22 సెంట్లలో సగం నీళ్లూ సగం గట్టూ ఉంటే శాటిలైట్ రెండిటినీ కలిపి ఒకే రంగు ఇస్తుంది. నీ చెరువు చుట్టుకొలత అయిదు కిలోమీటర్లు అనుకో. గట్టు వెంట దాదాపు 167 పిక్సెళ్లు పడతాయి, అంటే 37 ఎకరాలు అటో ఇటో తేలని గళ్లలోనే ఉంది. అన్నీ ఒకేవైపు తప్పవు, అది వేరే మాట. కానీ 310 అన్నప్పుడు పక్కన "సుమారు" అని రాయడం నేర్చుకో.

నీళ్లని ఎలా పట్టావు? కంటితో గీశావా, సూచికతోనా?

అల్లూరోడు | సోమవారం, ఉదయం 8:45

ఎన్‌డీడబ్ల్యూఐ అనే నీళ్ల సూచికతో సార్. సున్నా కంటే ఎక్కువ వస్తే నీళ్లు అనుకున్నా. ఎందుకలా అంటే మాత్రం చెప్పలేను, ఒక వీడియోలో చూసి చేశా.

పిక్సెల్_మాస్టారు | సోమవారం, ఉదయం 9:10

కారణం చిన్నదే. మన కంటికి ఆనని సమీప పరారుణ కాంతి ఒకటుంది. నీళ్లు దాన్ని దాదాపు మొత్తం మింగేస్తాయి, పచ్చటి ఆకు దాన్నే బలంగా వెనక్కి కొడుతుంది. ఆకుపచ్చ పట్టీలో వచ్చిన విలువలోంచి పరారుణ విలువ తీసేసి, రెండిటి మొత్తంతో భాగిస్తే నీళ్ల మీద ప్లస్, పైరు మీద మైనస్ వస్తుంది. 1996లో మెక్‌ఫీటర్స్ ప్రతిపాదించిన సూత్రం ఇది. అయితే సున్నా అన్న గీత దేవుడు గీసింది కాదు. వరద తర్వాత బురద నీళ్లకి, లోతు తక్కువ నీళ్లకి ఆ గీత పక్కకి జరుగుతుంది. మీ చెరువుకి ఎక్కడ గీత పెట్టాలో బాగా తెలిసిన చోటు చూసి తేల్చుకోవాలి. తూము ముందు ఎప్పుడూ నీళ్లుండే మడుగు ఒకటి ఉంటుంది కదా, అక్కణ్నుంచి మొదలుపెట్టు.

చీమకుర్తి_రాయి | సోమవారం, ఉదయం 11:30

సూచికని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో మా ఊరు చూడండి. మావి గెలాక్సీ గ్రానైట్ క్వారీలు. నేను సరదాకి మండలం మొత్తానికీ నీళ్ల మ్యాప్ చేస్తే, రామతీర్థం రిజర్వాయర్‌తో పాటు క్వారీ గుంతలన్నీ చెరువుల్లాగా వచ్చాయి. కొన్నిట్లో నిజంగానే ఊట నీళ్లు నిలిచి ఉన్నాయి. మిగతావి ఏందంటే నీడ! గుంత నిట్టనిలువుగా ఉంటుంది, డిసెంబర్, జనవరిలో పొద్దున పదీ పదిన్నరకి శాటిలైట్ పోయేటప్పుడు ఎండ వాలుగా పడుతుంది. గుంతలో సగం నీడ, నల్లరాయి మీద నల్లనీడ. సాఫ్ట్‌వేర్‌కి అది నీళ్లే. ఏప్రిల్ బొమ్మ పెడితే ఆ "చెరువులు" సగం ఎగిరిపోయాయి.

గుంతల కంటే ముందు పెరిగేవి పనికిరాని రాయి పోసే గుట్టలు. పాత బొమ్మల్లో చేలుగా ఉన్నచోట ఇప్పుడు బూడిద రంగు కొండలు. మా నాన్న జొన్న వేసిన చేను ఇప్పుడొక గుట్ట కింద ఉంది. అమ్మిన చేనేలెండి, ఎవరి మీదా కంప్లయింట్ లేదు.

అల్లూరోడు | సోమవారం, రాత్రి 9:50

2023 జనవరి బొమ్మ మళ్లీ దించాను. చెరువు మీద మబ్బు లేదు, మీరన్నది నిజమే. కొత్త లెక్క: సుమారు 236 ఎకరాలు. "60 శాతం కబ్జా" కాస్తా 74 ఎకరాల తేడా అయింది. మరి ఈ 74 ఎక్కడికి పోయినట్టు? తూర్పు వైపు నీలం చతురస్రాలు కొన్ని ఉన్నాయి, అవి కచ్చితంగా రొయ్యల గుంటలే అనుకుంటున్నా.

గుంటలరైతు | సోమవారం, రాత్రి 10:15

ఇదిగో, ఈ "కచ్చితంగా" అనే మాట దగ్గరే మాకు కాలుతుంది. నీలం చుక్క ఎక్కడ కనపడినా రొయ్యల గుంటేనా? జనవరి మొదట్లో కోవూరు, విడవలూరు, అల్లూరు అంతా నాట్లే. మడిలో నీళ్లు, నారు ఇంకా పచ్చబడలేదు. పైనుంచి చూస్తే డెల్టా మొత్తం ఒక పెద్ద రొయ్యల గుంట! నా మాట నమ్మకపోతే అదే చోటు మార్చిలో చూడు. వరి అయితే పచ్చగా ఉంటుంది, గుంట అయితే నీలంగానే ఉంటుంది.

అది కూడా పూర్తిగా నమ్మొద్దు. పంట తీశాక మేం గుంట ఎండబెడతాం, అడుగు మట్టి నెర్రెలిచ్చేదాకా. ఆ వారాల్లో నీ బొమ్మకి అది బీడు. ఇసకపల్లి వైపు ఉప్పు కొటార్లు ఎండాకాలంలో తెల్లగా మెరుస్తాయి, వానల్లో నీలంగా కనపడతాయి. ఒక్క రోజు ఫొటో చూసి ఎవడి పొలం ఏందో చెప్పడం జాతకం చెప్పడమే. ఏడాది పొడుగునా పది, పన్నెండు బొమ్మలు వరసగా పెట్టుకుని చూడు.

చరిత్ర కూడా అడిగావు కాబట్టి (అడగలేదనుకో, అయినా చెప్తా). మా వైపు టైగర్ రొయ్య 80ల చివర్లో మొదలైంది, 90ల మొదట్లో వరి పొలాలు గబగబా గుంటలైపోయాయి. 1994-95లో తెల్లమచ్చ రోగం వచ్చి కుప్పకూలింది. 1996 డిసెంబర్‌లో తీరం వెంట రొయ్యల గుంటలు తీసేయమని సుప్రీంకోర్టు తీర్పు. 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చి మళ్లీ లేచింది. కాబట్టి నీ దగ్గర 1990దీ 2023దీ రెండే ఉంటే, ఈ మధ్యలో గుంటలై, మళ్లీ బీడై, మళ్లీ గుంటలైన కథ అంతా మాయం. కొన్ని ఉప్పెక్కి, వరికీ పనికిరాక, రొయ్యకీ పనికిరాక అలాగే పడున్నాయి. అవీ చూడు.

మ్యాపులపిచ్చి | మంగళవారం, ఉదయం 7:05

గుంటలరైతు గారి మాట వంద శాతం నిజం. నేను ఒంగోలు దగ్గర కొత్తపట్నం తీరం మీద ప్రాజెక్ట్ చేస్తున్నా, వరిమళ్లని గుంటలుగా లెక్కేసి మా గైడ్ దగ్గర అక్షింతలు వేయించుకున్నా.

అల్లూరోడు గారూ, ఒక్క జనవరి కాదు, మూడేసి జనవరులు తీసుకోండి. 1990 చుట్టూ మూడు, 2023 చుట్టూ మూడు. ఒక ఏడు వాన ఎక్కువ పడితే ఆ ఏడు చెరువు పొంగుతుంది, దాన్నే ప్రమాణం అనుకుంటే మళ్లీ బోల్తా. గూగుల్ వాళ్ల ఎర్త్ ఇంజిన్‌లో మూడేళ్ల మధ్యగత విలువ (మీడియన్) తీస్తే మబ్బులు కూడా వాటంతటవే పోతాయి. ల్యాండ్‌శాట్ బొమ్మల నంబర్లలో మీ జాగా పాత్ 142, రో 50లో వస్తుంది.

మధ్య సంవత్సరాలకి ల్యాండ్‌శాట్ 7 వాడితే నల్లచారలు చూసి కంగారు పడకండి. 2003 మే నెలాఖరులో దాని స్కానర్‌లో ఒక భాగం చెడిపోయింది, ఆ తర్వాత ప్రతి బొమ్మలోనూ దాదాపు 22 శాతం గీతలు గీతలుగా ఖాళీ. మొదటిసారి చూసినప్పుడు నా ల్యాప్‌టాప్ పోయిందనుకున్నా. 2011 నవంబర్ వరకూ ల్యాండ్‌శాట్ 5 బొమ్మలు ఉన్నాయి కాబట్టి వీలైనంతవరకూ అది చూడండి. 2015 తర్వాతవాటికి సెంటినెల్ 2 ఉంది, పిక్సెల్ 10 మీటర్లు, అంటే రెండున్నర సెంట్లు. గట్టు చాలా బాగా తెలుస్తుంది.

కావలి_ప్లాట్లు | మంగళవారం, ఉదయం 9:00

[ఈ పోస్టు తీసేశాం. చెరువు గురించి మాట్లాడే చోట లేఅవుట్ ప్రకటనలా? అరుగు మోడరేటర్]

పెన్నాతీరం | మంగళవారం, ఉదయం 9:04

ఆ లేఅవుట్‌నీ 1990 బొమ్మలో చూడాలి ముందు 😀

ఉలవపాడు_సపోటా | మంగళవారం, మధ్యాహ్నం 1:30

మధ్యలో నాదొక సందేహం. మా వైపు "పచ్చదనం పెరిగింది" అని మ్యాపుల్లో వస్తుంటే నవ్వొస్తుంది. పెరిగింది అడవి కాదు. మాగాణీ, మెట్టా చేసే ఓపిక లేక జామాయిల్, సుబాబుల్, తీరం వెంట సరుగుడు వేశారు. మేలో చుట్టూ ఎండిపోయి ఉంటే అదొక్కటే పచ్చగా కనపడుతుంది. మరి మామిడి, సపోటా తోటకీ జామాయిల్‌కీ తేడా శాటిలైట్‌కి తెలుస్తుందా?

పిక్సెల్_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 3:15

ఒక్క బొమ్మలో కష్టం. ఏళ్ల వరసలో సులువు. జామాయిల్, సుబాబుల్ నాలుగైదేళ్లకొకసారి నరుకుతారు. పచ్చదనం గ్రాఫ్ నిచ్చెనలా ఎక్కి ఒక్కసారి దబ్బున పడుతుంది, మళ్లీ ఎక్కుతుంది. మామిడి తోట గ్రాఫ్ అలా కూలదు, కూలిందంటే తోట కొట్టేసినట్టే. పైగా తోటలో చెట్టుకీ చెట్టుకీ మధ్య నేల కనపడుతుంది.

లస్కరు_కొడుకు | మంగళవారం, రాత్రి 8:40

మా నాన్న నీటిపారుదలలో లస్కరు, తూము తాళాలు మా ఇంట్లోనే ఉండేవి. మీ మాటలన్నీ చదివా. సాంకేతికం నాకు రాదు. నేను చూసింది చెప్తా.

చెరువు విస్తీర్ణం అంటే కలుజు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) ఎత్తు. కలుజు మీద చెక్కలు పెడితే ఒక లెక్క, తీస్తే ఒక లెక్క. పై పొలాలవాళ్లు మునిగిపోతున్నామని రాత్రిపూట వచ్చి చెక్కలు తీసేసేవాళ్లు, కింది ఆయకట్టువాళ్లు పొద్దున్నే వచ్చి పెట్టేవాళ్లు. నాన్న ఇద్దరి దగ్గరా తిట్లు తినేవాడు. కాబట్టి ఫలానా జనవరిలో నీళ్లు తక్కువున్నాయంటే వాన తక్కువ కావొచ్చు, కబ్జా కావొచ్చు, లేకపోతే ఆ రాత్రి ఎవడో చెక్క తీసి ఉండొచ్చు.

ఇంకోటి. వాగు వచ్చి చెరువులో కలిసేచోట ఏటా ఒండ్రు పడుతుంది. అక్కడ ముందు జమ్ము మొలుస్తుంది, మెరక పెరిగాక సర్కారు తుమ్మ వస్తుంది. కింద మోకాలి లోతు నీళ్లుంటాయి, పైన గుర్రపుడెక్క పరుచుకుని ఉంటుంది. అది శాటిలైట్‌కి నీళ్లా, పచ్చికా?

మ్యాపులపిచ్చి | మంగళవారం, రాత్రి 9:02

పచ్చికే అన్నా. ఆకు కింద నీళ్లు దానికి కనపడవు. ఇంత ముఖ్యమైన మాట మేమెవరం అడగలేదు చూడండి.

అల్లూరోడు | మంగళవారం, రాత్రి 9:30

74 ఎకరాల్లో ఎక్కువ భాగం పడమర వైపు, వాగు కలిసేచోటే ఉంది. పచ్చగానే ఉంది. శనివారం ఊరెళ్తున్నా. వెళ్లక తప్పదు, అమ్మ ఆర్డర్.

పెన్నాతీరం | బుధవారం, ఉదయం 10:20

మాస్టారూ, పనిలో పని నాది కూడా. 2021 నవంబర్ వరదలో కోవూర్లో మా ఇంట్లో నడుం లోతు నీళ్లు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్ట్ కట్ట 19న తెగింది, పెన్నా ఎగదన్నింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ వారం బొమ్మలన్నీ తెల్లటి మబ్బే. అప్పుడు ఏ వీధిదాకా వచ్చిందో చూసే దారి ఉందా?

పిక్సెల్_మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 12:05

ఉంది. సెంటినెల్ 1 చూడండి, అది కెమెరా కాదు, రాడార్. తనే తరంగం పంపి తిరిగొచ్చింది కొలుస్తుంది, కాబట్టి మబ్బూ రాత్రీ దానికి అడ్డు కావు. నిలకడ నీళ్ల మీద పడిన తరంగం అద్దం మీద పడ్డట్టు అవతలికి జారిపోతుంది, అందుకే నీళ్లు నల్లగా వస్తాయి. నవంబర్ మొదట్లో బొమ్మా వరద తర్వాతదీ పక్కన పెడితే కొత్తగా నల్లబడినదంతా ముంపు. కానీ కోవూరు వీధుల్లో మాత్రం నమ్మొద్దు. ఇళ్ల గోడలకీ నీళ్లకీ తగిలి తరంగం రెండుసార్లు తిరిగి వెనక్కొస్తుంది, మునిగిన వీధి నల్లగా కాక ఇంకా తెల్లగా కనపడొచ్చు. పొలాల్లో ముంపుకి మంచిది. మీ వీధికి మీ గోడ మీద తడి మరకే సాక్ష్యం.

పెన్నాతీరం | బుధవారం, మధ్యాహ్నం 12:20

మరక మీద మా ఆవిడ ఆ సంక్రాంతికే సున్నం కొట్టించేసింది సార్.

అల్లూరోడు | ఆదివారం, రాత్రి 11:15

ఊరి నుంచి ఇప్పుడే వచ్చా. పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మామ శనివారం పొద్దున మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర "రా, నీ కబ్జా చూపిస్తా" అని చెప్పులేసుకున్నాడు. ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని చెరువు చుట్టూ నడిచాం. పడమర వైపు లస్కరు_కొడుకు గారు చెప్పింది చెప్పినట్టే ఉంది. వాగు నోటి దగ్గర మనిషెత్తు జమ్ము. మామ ఒక కర్ర గుచ్చాడు, మోకాలి పైదాకా తడిసి వచ్చింది. నా మ్యాపులో అది నేల. దాని వెనక మెరక మీద సర్కారు తుమ్మ, నా జీన్స్ చిరిగింది. తడి జమ్మూ తుమ్మా కలిపి ఫోన్లో గీస్తే సుమారు 55 ఎకరాలు.

తూర్పున చతురస్రాలు అయిదు. మూడు నిజంగానే రొయ్యల గుంటలు, ఏరేటర్లు తిరుగుతున్నాయి. రెండు వరి. గుంటలరైతు గారికి క్షమాపణలు. ఆ మూడు గుంటలు పోరంబోకులో ఉన్నాయా, పట్టా భూమిలో ఉన్నాయా అన్నది బొమ్మ చెప్పదు, ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) తెప్పించాల్సిందే.

ఇక మామ పొలం. గట్టు దగ్గర నీలం పోయిన పిక్సెళ్లు రెండంటే రెండు, 44 సెంట్లు. మాస్టారు చెప్పిన అటో ఇటో తేలని గళ్లు అవే. నేను గ్రూపులో మామ మీద వేసిన నింద మొత్తం ఆ రెండు గళ్లు.

సాయంత్రం తాతకి ల్యాప్‌టాప్ చూపించా. చెట్లు ఎర్రగా కనపడే బొమ్మ తెరిచి ఉంది. "ఏందబ్బయా, ఊరంతా తగలబడి ఉండాది?" అన్నాడు. పరారుణాన్ని ఎరుపుగా చూపిస్తారు తాతా, ఎంత ఎర్రగా ఉంటే అంత పచ్చటి పైరు అని చెప్తే, కాసేపు చూసి, వేలు పెట్టి "ఇది మన నిమ్మతోట" అన్నాడు. కరెక్ట్‌గా అదే.

అప్పుడు మామ నవ్వుతూ అసలు సంగతి చెప్పాడు. "గట్టు జరిపింది నిజమేరా. నేను కాదు, మీ తాత. కలుజు తెగిన ఏడు, నేను అప్పటికి పుట్టలా." తాత ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తలేదు. "అప్పుడు అందరూ జరిపారు" అన్నాడు.

గ్రూపులో సవరణ పెట్టాను, ఫైనల్ లెక్కతో. దానికి రెండు దండాలు, ఒక "గుడ్ నైట్" వచ్చాయి.

లస్కరు_కొడుకు | ఆదివారం, రాత్రి 11:32

"అప్పుడు అందరూ జరిపారు." మా నాన్న ఉంటే ఈ మాటకి పేర్లతో సహా లిస్టు చెప్పేవాడు.

మ్యాపులపిచ్చి | ఆదివారం, రాత్రి 11:40

మామయ్య పుట్టకముందు అంటే 1972కి ముందా? అయితే ల్యాండ్‌శాట్ అసలు ఎగరనేలేదు. కానీ కరోనా బొమ్మలు ఉంటాయి. జబ్బు కాదు, అమెరికా వాళ్ల పాత గూఢచారి శాటిలైట్ పేరు. 1960 నుంచి 1972 దాకా ఫిల్ము మీద తీసేవి, 1995లో రహస్యం ఎత్తేశారు. నలుపూ తెలుపే గానీ, చివరి రకం కెమెరా బొమ్మలు బాగా వస్తే రెండు మీటర్ల వస్తువు కూడా తెలుస్తుంది. పొలం గట్టు అయితే గీత గీసినట్టు కనపడుతుంది. యూఎస్‌జీఎస్ (అమెరికా భూసర్వే సంస్థ) సైట్‌లో మీ ఊరి మీద ఫ్రేమ్ ఉందేమో వెతకండి. ఇదివరకే ఎవరైనా స్కాన్ చేయించి ఉంటే ఉచితం, లేకపోతే డబ్బు కట్టి చేయించుకోవాలి.

గుంటలరైతు | ఆదివారం, రాత్రి 11:44

తెప్పించు తెప్పించు. నేను సగం వేసుకుంటా.

అల్లూరోడు | సోమవారం, రాత్రి 9:10

వెతికాను, 60ల చివరిది ఒక ఫ్రేమ్ మా తీరం మీద ఉంది. స్కాన్ చేసింది కాదు. డబ్బు కట్టేముందు ఊరికే తాతకి ఫోన్ చేసి చెప్పా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "దాంట్లో మన గట్టొక్కటే కనపడతాదా, పక్కన రెడ్డోళ్లది కూడా కనపడతాదా?"

అందరిదీ కనపడుతుంది తాతా అన్నాను.

"అయితే తెప్పించు" అన్నాడు.